పెళ్ళిచూపుల ముందు ఈ రక్తపరీక్ష కాగితం చూపించాలా, దాచాలా?

పెన్నాతీరం
మా అమ్మాయికి గత శ్రావణమాసంలో అపెండిసైటిస్ ఆపరేషన్ చేయించాము. నలభై నిమిషాల పని అని చెప్పి ఉదయం పదకొండు గంటలకు లోపలికి తీసుకువెళ్ళారు. ఆపరేషన్ అనుకున్న సమయానికే అయిపోయింది, కానీ పిల్ల తనంతట తాను ఊపిరి తీసుకోవడం లేదని, వెంటిలేటర్ మీద ఉంచామని, కంగారు పడవద్దని గంటగంటకూ ఒకరు వచ్చి చెప్పి వెళ్ళారు. సగ్గుబియ్యం జావ పోసిన స్టీలు క్యారియర్‌ను ఒళ్ళో పెట్టుకుని మా ఆవిడ సాయంత్రం అయిదింటి దాకా ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. అయిదున్నరకు పిల్ల వేళ్ళు కదిలించింది. రాత్రి మాతో చెప్పిన మొదటి మాట ఇది: "నాన్నా, నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారని తెలుస్తూనే ఉంది, కానీ రెప్ప ఎత్తలేకపోయాను."

మత్తు డాక్టరుగారు మరునాడు మమ్మల్ని కూర్చోబెట్టి, కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును కరిగించే ఎంజైము అమ్మాయి రక్తంలో పుట్టుకతోనే లేదని, ఇది మా ఆర్యవైశ్యులలో ఎక్కువగా కనిపిస్తుందని వివరించారు. డిశ్చార్జి కాగితం మీద "స్కోలిన్ ఆప్నియా, కుటుంబ సభ్యులకు పరీక్ష అవసరం" అని రాసి ఇచ్చారు. స్కోలిన్ అన్నది ఆ మందు పేరు, ఆప్నియా అంటే ఊపిరి ఆగడం. ఆ తరవాత చేసిన రక్తపరీక్షలో కూడా ఎంజైము దాదాపు సున్నా అని వచ్చింది.

ఇప్పుడు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మావాళ్ళే, కుటుంబం మంచిది. ఆ కాగితాన్ని బీరువాలోంచి బయటికి తీయవద్దని, తీస్తే "జన్యులోపం ఉన్న పిల్ల" అని ప్రొద్దుటూరు నుంచి నెల్లూరు దాకా పాకుతుందని మా అన్నయ్య గట్టిగా అంటున్నాడు. దాచి పెళ్ళి చేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. మీరైతే ఏమి చేస్తారు?

గోదారిగట్టు
అమ్మాయి ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడు, ఆ మందు అవసరం మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు, అవతలివారికి చెప్పి లేని భయం పుట్టించడం ఎందుకు? మీ అన్నయ్యగారి మాటలో లోకజ్ఞానం ఉంది.

మత్తు_డాక్టరు
నేను ఇరవై రెండేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను. మేము స్కోలిన్ అని పిలిచే మందు అసలు పేరు సక్సినైల్‌కోలిన్. శ్వాసనాళంలోకి గొట్టం వేయడానికి రోగి కండరాలన్నీ క్షణాలలో సడలిపోవాలి, పని అయిన వెంటనే తిరిగి బిగియాలి. ఆ రెండు గుణాలూ ఉన్న చవకైన మందు కావడం వల్లనే ఇన్ని దశాబ్దాలుగా అది మా ట్రేలో ఉంటున్నది. మామూలు మనిషిలో దాని ప్రభావం అయిదు పది నిమిషాలకు మించదు, ఎందుకంటే రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని ముక్కలు చేసేస్తుంది. ఆ ఎంజైము లేని మనిషిలో అదే మోతాదు గంటల తరబడి నిలుస్తుంది. ఆ సేపంతా రోగి గుండె కొట్టుకుంటుంది, మెదడు పనిచేస్తుంది, ఛాతీ కండరాలు మాత్రం కదలవు.

అలాంటప్పుడు చేయవలసింది రోగిని నిద్రలోనే ఉంచి, వెంటిలేటర్ మీద ఊపిరి అందిస్తూ మందు దానంతట అది తగ్గేదాకా వేచి ఉండడం. పెన్నాతీరం గారి అమ్మాయికి మాటలు వినిపించాయంటే, విషయం బోధపడేలోగా మత్తు కొంత తేలిపోయి ఉంటుంది. నా వృత్తిలో నేను అన్నిటికన్నా భయపడేది ఆ కొద్ది నిమిషాల గురించే.

గోదారిగట్టు గారు "అవసరం ఎప్పుడు వస్తుందో తెలియదు" అన్నారు. అందుకే చెప్పాలి. రోడ్డు ప్రమాదం, అత్యవసర సిజేరియన్, మానసిక చికిత్సలో ఇచ్చే విద్యుత్ షాక్, ఇవేవీ ముహూర్తం పెట్టుకుని రావు. ముందుగా తెలిస్తే మాకు వేరే మందులు ఉన్నాయి. రోక్యురోనియం ఇచ్చి, అవసరమైతే దానికి విరుగుడుగా సుగామాడెక్స్ వాడతాము. ఖర్చు పెరుగుతుంది, అంతే. ఇంకొక మాట, మివాక్యూరియం అనే మందు కూడా ఈ ఎంజైము మీదనే ఆధారపడుతుంది కనుక మీ కాగితం మీద రెండు పేర్లూ రాయించుకోండి.

చింతచిగురు
జాతకంలో కుజదోషానికి అరటిచెట్టుతో పెళ్ళి చేస్తారు. స్కోలిన్ దోషానికి ఏ చెట్టో మా పురోహితుణ్ణి అడిగి చెబుతాను.

లెక్కల_మాస్టారు
చిగురు గారి శాంతిక్రియ ఎలా ఉన్నా, లెక్క మాత్రం సులువైనదే. ఈ లక్షణం బయటపడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మారిన జన్యువు నకళ్ళు రెండూ అందాలి. అమ్మాయికి రెండూ అందాయి గనుక తల్లిదండ్రులు ఇద్దరిలోనూ కనీసం ఒక్కొక్కటి ఉన్నట్టే. ఒక్కొక్కటి మాత్రమే ఉన్నాయనుకుంటే, ఆమె తోబుట్టువులలో ఒక్కొక్కరికి రెండు నకళ్ళూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, ఒక్కటే వచ్చే అవకాశం సగం.

ఇక పెళ్ళికొడుకు సంగతి. అతనిలో మారిన నకలు లేకపోతే పుట్టే పిల్లలందరికీ ఒక్కటే వస్తుంది, ఎవరికీ ఈ ఇబ్బంది ఉండదు. అతనిలో ఒకటి ఉంటే పిల్లలలో సగం మందికి తల్లి లక్షణమే వచ్చే అవకాశం ఉంది. అతనిలోనూ రెండు ఉంటే పిల్లలందరికీ వస్తుంది. అయితే అప్పుడు కూడా ఆ పిల్లలకు జబ్బేమీ ఉండదు, ఒక్క మందు పడదు. తలసేమియానూ దీన్నీ ఒకే గాటన కట్టడం తప్పు. అక్కడ ఇద్దరు వాహకులు, అంటే మారిన నకలు ఒక్కొక్కటే ఉన్నవారు, పెళ్ళాడితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం, పుట్టిన బిడ్డకు బతికినంతకాలం రక్తం ఎక్కించవలసిన స్థితి.

కొత్త_సభ్యుడు
ఇదంతా మేనరికాల వల్ల వచ్చిన అనర్థమే కదా. మేనమామలకూ బావలకూ పిల్లలను ఇవ్వడం మానేస్తే రెండు తరాలలో ఇవన్నీ మాయమవుతాయి. ఆంధ్రలో ఇప్పటికీ పెళ్ళిళ్ళలో దాదాపు నాలుగో వంతు రక్తసంబంధీకుల మధ్యనే జరుగుతున్నాయని సర్వేలు చెబుతుంటే మనం పరీక్షల గురించి మాట్లాడుకుంటున్నాము.

పెన్నాతీరం
కొత్త సభ్యుడు గారికి ఒక సవరణ. మాది మేనరికం కాదు. మా మామగారిది అనంతపురం వైపు, మాది పెన్న ఒడ్డు, గోత్రాలు కూడా వేరు. పెళ్ళికి ముందు రెండు కుటుంబాలకూ ఎలాంటి బంధుత్వమూ లేదు.

హబ్సిగూడ_బస్టాప్
పెన్నాతీరం గారి సవరణలోనే అసలు విషయం ఉంది. నేను జన్యుశాస్త్రం చదువుకున్నవాణ్ణి, రోజూ సీసీఎంబీ అనే హైదరాబాదు జీవశాస్త్ర పరిశోధన సంస్థ గేటు ముందు నుంచి వెళ్ళేవాణ్ణి, అంతకుమించి ఆ సంస్థతో నాకు సంబంధం లేదు.

మేనరికం వేరు, మూలపురుషుల ప్రభావం వేరు. మేనమామ, మేనకోడలు పెళ్ళాడితే వారి బిడ్డలో ఏదైనా ఒక జన్యువు నకళ్ళు రెండూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి, బావామరదళ్ళ బిడ్డలో పదహారింట ఒకటి. ఇది ఒక కుటుంబం లెక్క. మేనరికం మానేస్తే ఈ ప్రమాదం ఆ తరంతోనే తగ్గుతుంది. రెండోది కులం మొత్తానికి సంబంధించినది. ఒక చిన్న గుంపు విడిపోయి, శతాబ్దాల పాటు బయటివారితో పెళ్ళిళ్ళు లేకుండా తనలో తానే పెరిగి లక్షలమంది అయినప్పుడు, మొదటి కొద్దిమందిలో ఎవరో ఒకరిలో ఉన్న అరుదైన మార్పు వారి సంతతిలో మామూలు విషయమైపోతుంది. ఊరంతా ఒకే మూట విత్తనం పంచుకుని చల్లితే, ఆ మూటలో పడిన కలుపు గింజ ప్రతి చేనులోనూ మొలుస్తుంది. పక్క చేను రైతు మీకు బంధువా కాదా అన్నదానితో నిమిత్తం లేదు. గోత్రం మారినా, జిల్లా మారినా, మూట అదే.

సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్, వారి సహచరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఆంధ్రలోని వైశ్యుల విషయంలో ఈ ఘట్టం వంద తరాలకు పైగా వెనుక జరిగిందని, అప్పటి నుంచి బయటి కలయిక చాలా స్వల్పమని అంచనా వేశారు. తరానికి పాతికేళ్ళు వేసుకున్నా రెండువేల అయిదు వందల ఏళ్ళ మాట. ఈ ఎంజైము జన్యువులో వైశ్యులలో కనిపించే ప్రత్యేకమైన మార్పును, అంటే ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలిన్ రావడాన్ని, కోయంబత్తూరు పరిశోధకులు మరికొందరితో కలిసి 2006లో గుర్తించి ప్రచురించారు. ఇతర జనాభాలతో పోలిస్తే ఈ లోపం వైశ్యులలో సుమారు వంద రెట్లు ఎక్కువ. ఈ ఎంజైము బొత్తిగా లేనివారు కూడా మామూలు ఆరోగ్యంతోనే జీవిస్తున్నారన్నది అదే బృందం మరుసటి ఏడాది రాసిన విషయం, పెళ్ళివారికి చూపించవలసిన కాగితం ఏదైనా ఉంటే అది.

ఉప్పుడుబియ్యం
అభ్యంతరం చెప్పక తప్పడం లేదు. నేనూ ఆ కులంవాణ్ణే. బహిరంగంగా ఒక కులం పేరు పెట్టి "వీళ్ళ రక్తంలో లోపం" అని రాసుకుంటూ పోతే, రేపు దుకాణం ముందు నిలబడిన ఆకతాయి కూడా అదే మాట అంటాడు. శాస్త్రవేత్తలు పత్రికలో రాస్తారు, మరునాడు వార్తాపత్రికలో శీర్షిక మారుతుంది, ఆ పైన వాట్సాప్‌లో అది శాపమో పాపమో అవుతుంది. 2009 అధ్యయనాన్నే తీసుకోండి. భారతీయుల పూర్వీకులలో రెండు పాత జనసమూహాల కలయిక ఉందని అందులో చెబితే, ఎవరు స్థానికులు, ఎవరు వలస వచ్చినవారు అని వాదించుకునే రెండు వర్గాలూ దానినే తమకు సాక్ష్యంగా పట్టుకుని కొట్టుకున్నాయి. పరిశోధన చేసేవారికి ఆ తరవాతి బాధ్యత లేదా?

హబ్సిగూడ_బస్టాప్
ఉప్పుడుబియ్యం గారి బాధ న్యాయమైనదే. కానీ పేరు దాచడం దానికి మందు కాదు, మిగతా పేర్లు కూడా చెప్పడమే మందు. 2017లో అదే బృందం 275కు పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా జన్యు సమాచారాన్ని పరిశీలించింది. విశ్లేషణకు తీసుకున్న 263 సమూహాలలో 81 సమూహాలకు మూలపురుషుల ప్రభావం, దానికి పేరుపడిన ఫిన్లాండ్ వారి కన్నా, అష్కెనాజీ యూదుల (ఐరోపా మూలాలున్న యూదుల) కన్నా తీవ్రంగా ఉన్నట్టు తేలింది. వాటిలో 14 సమూహాల జనాభా ఒక్కొక్కటీ పది లక్షలకు పైన. కోమట్ల సంగతి ముందుగా బయటపడిందంటే ఆపరేషన్ బల్ల మీద కనిపించే లక్షణం కావడం వల్ల. మిగతావాళ్ళది ఇంకా ఎవరూ వెతకలేదు.

కులంతో నిమిత్తం లేనివీ ఉన్నాయి. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన మార్పు భారతీయులలో నూటికి నలుగురిలో ఉందని 2009లోనే తేలింది. నూటికి నలుగురు అంటే ఈ చర్చ చదువుతున్నవారిలో కూడా ఉంటారు.

చింతచిగురు
ఇప్పటిదాకా గుండెదడ ఈ వేదికలో వాదనల వల్ల అనుకున్నాను.

పరీక్షనాళిక
నేను ఒక జిల్లా కేంద్రంలో ప్రయోగశాల నడుపుతున్నాను. పెన్నాతీరం గారు చేయించిన పరీక్ష మా ప్రాంతంలో అరుదైనదేమీ కాదు, రోజూ చేస్తాము, కాకపోతే వేరే కారణానికి. పురుగుమందు తాగినవారిలో ఆ విషం ఇదే ఎంజైమును అణచివేస్తుంది కనుక, పత్తి, మిరప సీజన్‌లో రాత్రి ఏ వేళనైనా ఈ శాంపిల్ వస్తుంది.

చాలా ఏళ్ళ క్రితం నేను ఒక పెద్ద ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా ఉన్నప్పుడు ఎరువుల దుకాణం యజమాని ఒకాయనను వాంతులతో తీసుకువచ్చారు. వృత్తి తెలిసింది, పరీక్ష చేస్తే ఎంజైము అడుగంటి ఉంది, పురుగుమందు కేసుగా రాసుకుని విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టారు. ఆయన భార్య "మా ఇంట్లో తాగవలసినంత కష్టం ఏమీ లేదు" అని వార్డు గుమ్మంలో నిలబడి అందరికీ మొరపెట్టుకుంటూనే ఉంది. పోలీసు వచ్చి వాంగ్మూలం కూడా రాసుకున్నాడు. కంటిపాప చిన్నది కాలేదు, చొంగ కారడం లేదు, చెమట పట్టడం లేదు, అయినా కాగితం మీద అంకె అలా ఉంది. మూడో రోజు మనిషి లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాక, మా పెద్ద డాక్టరుగారికి అనుమానం వచ్చి ఆయన తమ్ముడి రక్తం కూడా తీయించారు. తమ్ముడిదీ అంతే. ఆ అంకె పుట్టుకతో వచ్చినది, వాంతులు ముందు రోజు పెళ్ళి భోజనం వల్ల వచ్చినవి.

కనుక ఈ కాగితం పర్సులో ఉండడం ఆపరేషన్‌కే కాదు, ఇలాంటి అపనిందకు కూడా అవసరం.

పాడేరు_ఘాట్
నేను ఏజెన్సీలో ఉపాధ్యాయుణ్ణి. పరీక్షల వల్ల మంచి జరుగుతుందన్న మాట ఒప్పుకుంటూనే, పరీక్ష తరవాత ఏమవుతుందో కళ్ళతో చూసినది చెబుతాను. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి నిర్మూలన పథకం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. గిరిజన ప్రాంతాలలో నలభై ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేసి, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలన్నది లక్ష్యం. మా బడికి కూడా వచ్చారు. వరండాలో బల్ల వేసి, పిల్లల వేలికి సూది గుచ్చి, కొన్ని వారాల తరవాత కార్డులు ఇచ్చారు. వాహకులకు జబ్బు ఉండదని, ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటేనే బిడ్డకు ప్రమాదమని చెప్పిన మాట నిజమే, కానీ ఆ మాట చెప్పినది పది నిమిషాలు, అదీ చాలామందికి ఇంట్లో మాట్లాడే భాషలో కాదు.

తరవాతి వేసవిలో మా పూర్వ విద్యార్థిని ఒకరికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆమె కార్డులో వాహకురాలు అని ఉంది. అబ్బాయికి పరీక్షే చేయలేదు. అతనిలో ఆ లక్షణం లేకపోతే వారి పిల్లలలో ఒక్కరికీ జబ్బు వచ్చేది కాదు. నేను ఆ ఇంటికి వెళ్ళి లెక్కల మాస్టారు ఇక్కడ చెప్పిన లెక్కే పలక మీద వేసి చూపించాను. అబ్బాయి తండ్రి అంతా శ్రద్ధగా విని, "మా వాడికి ఎందుకండీ పరీక్ష, వాడు బాగానే ఉన్నాడు కదా" అన్నాడు. అమ్మాయీ బాగానే ఉంది. కార్డు ఆమె చేతిలో ఉండడం ఒక్కటే ఆమె చేసిన తప్పు.

ఫీనిక్స్_తెలుగు
ఇలాంటి చిక్కును న్యూయార్క్‌లోని సనాతన యూదులు ఒక విచిత్రమైన పద్ధతిలో దాటారు. టే శాక్స్ అనే జన్యువ్యాధి వల్ల నలుగురు పిల్లలను పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టీన్ అనే మతగురువు 1983లో డోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టాడు. చదువుకునే వయసులోనే పిల్లల రక్తం తీసుకుంటారు. ఫలితం ఎవరికీ చెప్పరు, ఒక అంకె మాత్రం ఇస్తారు. సంబంధం అనుకున్నప్పుడు రెండు అంకెలూ చెబితే, ఈ జంట కుదురుతుంది, కుదరదు అన్న మాట మాత్రమే వస్తుంది. ఎవరూ తాము వాహకులమని తెలుసుకోకుండానే, ఎవరి మీదా ముద్ర పడకుండానే పని జరుగుతుంది.

నేను ఉంటున్న అరిజోనాలో ఇంకో కథ ఉంది, ఉప్పుడుబియ్యం గారి ప్రశ్నకు అది సంబంధించినది. గ్రాండ్ కేన్యన్‌లో ఉండే హవసుపాయ్ తెగవారు తమలో మధుమేహం ఎందుకు పెరుగుతోందో తెలుస్తుందని 1990లో రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. ఆ రక్తాన్నే వారికి చెప్పకుండా స్కిజోఫ్రెనియా మీద, తెగలోని దగ్గరి పెళ్ళిళ్ళ మీద, వారి పూర్వీకుల వలసల మీద జరిగిన అధ్యయనాలకు వాడారు. తాము ఆ లోయలోనే పుట్టామన్నది వారి విశ్వాసం. దావా ఏళ్ళ తరబడి నడిచి, 2010లో విశ్వవిద్యాలయం ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఇచ్చేసింది. మన దేశంలో జీనోమ్ ఇండియా పథకం కింద పదివేలమంది జన్యుపటాలు సిద్ధమై, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. రక్తం ఇచ్చినవారికి సంతకం పెట్టిన కాగితంలో ఏమి రాసి ఉందో ఎంతమందికి బోధపడిందని నా సందేహం.

గోదారిగట్టు
ఆ అంకెల పద్ధతి బాగానే ఉంది గాని, మన దగ్గర ఎంతకాలం నిలుస్తుంది? రక్తం ల్యాబుకు చేరేలోపే ఫలితం పెళ్ళిళ్ళ పేరయ్యకు తెలిసిపోతుంది. పైగా "కుదరదు" అని ఒకే అమ్మాయికి రెండుసార్లు వస్తే ఊరు తన లెక్క తాను వేసుకుంటుంది.

చింతచిగురు
పేరయ్యకు రక్తంతో ఏమి పని, ఆయనకు పప్పన్నం ఎన్ని కుటుంబాలలో తిన్నాడో ఆ లెక్క చాలు.

హబ్సిగూడ_బస్టాప్
ఫీనిక్స్ గారు చెప్పిన పద్ధతి టే శాక్స్‌కు సరిపోతుంది, పెన్నాతీరం గారి సమస్యకు సరిపోదు. అక్కడ జంట కుదరకపోవడమే పరిష్కారం, ఇక్కడ ఫలితం ఆ మనిషికే తెలియాలి, లేకపోతే మత్తు డాక్టరుకు చెప్పేది ఎవరు?

పాలసీ_పాపారావు
బీమా పనిలో ఉన్నవాణ్ణి కనుక ఆ కోణం చెబుతాను. గుండె కండరం మందంగా పెరిగే జబ్బున్న ఒక పాలసీదారుకు, అది జన్యుసంబంధమైనది కాబట్టి డబ్బు ఇవ్వమని కంపెనీ అంటే, జన్యుపరమైన జబ్బులన్నిటినీ ఒక్క కలంపోటుతో మినహాయించడం వివక్ష అవుతుందని ఢిల్లీ హైకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. ఆ వ్యవహారం తరవాత సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అమెరికాలో ఆరోగ్యబీమాలోనూ ఉద్యోగంలోనూ జన్యు సమాచారాన్ని వాడకూడదని 2008లోనే చట్టం చేశారు, జీవితబీమాను మాత్రం అందులో చేర్చలేదు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

పెన్నాతీరం గారి అమ్మాయి విషయంలో ఇది జబ్బే కాదు గనుక ఆయన భయపడనవసరం లేదు. కానీ దరఖాస్తులో "గతంలో ఆపరేషన్ సమయంలో ఇబ్బందులు" అన్న ప్రశ్న ఉంటే నిజమే రాయండి. దాచి రాసిన పాలసీలు క్లెయిము రోజున ఏమవుతాయో నేను చాలా ఇళ్ళలో చూశాను.

అమ్మమ్మ_పెట్టె
ఇంతసేపూ అందరూ అబ్బాయి ఇంటివారికి చెప్పాలా వద్దా అనే మాట్లాడారు. అమ్మాయిని ఎవరైనా అడిగారా? కాగితం ఆమెది, రెప్ప ఎత్తలేకపోయినది ఆమె. పాడేరు మాస్టారు చెప్పిన పిల్లకూ ఈ పిల్లకూ తేడా లేదు, పరీక్ష చేయించుకున్నందుకు ఆడపిల్లే సంజాయిషీ ఇచ్చుకోవాలి, చేయించుకోని మగపిల్లవాడు దర్జాగా కూర్చుంటాడు.

నాకు రెండో కాన్పు అర్ధరాత్రి సిజేరియన్ అయింది. సంతకం పెట్టినది మా అత్తగారు. అందుబాటులో ఉన్నది ఆమె ఒక్కరే, మా అమ్మ బస్సులో ఉంది. "ఏవైనా మందులు పడవా" అని నర్సు అడిగితే ఆమె "ఏమీ లేవమ్మా" అంది, ఆమెకు తెలిసినది అంతే. పెన్నాతీరం గారూ, ఆ అర్ధరాత్రి మీ అమ్మాయి పక్కన నిలబడి జవాబు చెప్పేది మీరు కాదు. మీరు ఎవరి నుంచి దాచారో ఆ కుటుంబమే.

మత్తు_డాక్టరు
అమ్మమ్మ_పెట్టె గారి మాటకు వైద్యపరమైన చేర్పు ఒకటి. గర్భం సమయంలో ఈ ఎంజైము అందరిలోనూ కొంత తగ్గుతుంది, కనుక ఒక్క నకలు మాత్రమే ఉన్న ఆడవారి విషయంలో కూడా అప్పుడు జాగ్రత్తగా ఉంటాము. నడుముకు సూది వేసి చేసే సిజేరియన్‌లో స్కోలిన్ అవసరమే రాదు, ఎక్కువగా జరిగేది అదే. బిడ్డకు ఊపిరి అందక పరుగు తీసినప్పుడే పూర్తి మత్తు ఇస్తాము, ఆ పరుగులో పాత కాగితాలు తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు.

ఉప్పుడుబియ్యం
నా అభ్యంతరం అలాగే ఉంది, కానీ ఈ ఆదివారం మా సంఘం సమావేశంలో ఈ విషయం మాట్లాడతాను. ప్రతి ఏడాదీ వాసవీ జయంతికి రక్తదాన శిబిరం పెడతాము, సూది ఎలాగూ గుచ్చుతాము, ఈ పరీక్ష కూడా ఎందుకు చేయకూడదు? ఫలితం మాత్రం ఎవరిది వారికి మూసిన కవరులో ఇవ్వాలి, కమిటీ చేతికి కూడా పోకూడదు. పరీక్షనాళిక గారు, నాలుగు వందల మందికి ఎంత అవుతుందో చెప్పగలరా?

పరీక్షనాళిక
ఇది జన్యుపరీక్ష కాదు, ఎంజైము మోతాదు చూసే మామూలు రక్తపరీక్ష. పెద్ద సంఖ్యలో అయితే ఖర్చు బాగా తగ్గుతుంది, విడిగా మాట్లాడదాము. రక్తదానం చేసినవారికే పరిమితం చేయవద్దు. రక్తం ఇవ్వలేని పెద్దవారికీ పెళ్ళి కావలసిన పిల్లలకూ ఇది ఎక్కువ అవసరం.

పెన్నాతీరం
పది రోజుల తరవాత రాస్తున్నాను. అమ్మమ్మ_పెట్టె గారు అడిగిన ప్రశ్న చదివిన రాత్రే అమ్మాయిని పిలిచి అడిగాను. "మీరు చెప్పకపోతే పెళ్ళిచూపులలో నేనే చెబుతాను" అంది. మొన్న వారు వచ్చినప్పుడు కాఫీలు అయ్యాక కాగితం బల్ల మీద పెట్టాను. అబ్బాయి చదివి, ఫోనులో ఫోటో తీసుకోవచ్చా అని అమ్మాయిని అడిగాడు. వాళ్ళ నాన్నగారు ఇంటికి వెళ్ళి కబురు చేస్తామన్నారు. ఇంకా ఫోను రాలేదు.

ఈలోగా మా ఇంట్లో అందరమూ పరీక్ష చేయించుకున్నాము. నాది సగానికి సగం తక్కువ, మా అబ్బాయిదీ అంతే. మా ఆవిడది అమ్మాయిలాగే దాదాపు సున్నా. ఆవిడకు రెండు కాన్పులు అయ్యాయి, రెండూ మామూలు కాన్పులే, ఈ ఇరవై అయిదేళ్ళలో ఒక్క ఆపరేషన్ కూడా కాలేదు. రిపోర్టు చూసినప్పటి నుంచి ఏదో గండం తప్పినట్టుగా మంగళసూత్రం కళ్ళకద్దుకుంటోంది, అది సున్నాను ఏమీ చేయదని నేను చెప్పలేదు.

కాగితం బయటపెట్టినందుకు మా అన్నయ్య మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్న మా షుగర్ పరీక్షకు ఇంటికి వచ్చే ల్యాబు కుర్రవాణ్ణి వీధిలోనే ఆపి, "నాకు కూడా అదేదో రాసుకో, వాడికి చెప్పకు" అన్నాడట. అన్నయ్యకు వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ ఉంది.

మత్తు_డాక్టరు
ఫలితం ఆపరేషన్‌కు ముందే చేతికి రావాలి. మీ అన్నయ్యగారు మీకు చెప్పకపోయినా ఫరవాలేదు, అక్కడి మత్తు డాక్టరుకు చెప్పమనండి.